సభలో మాట్లాడని గ్రామీణ సెనేటర్‌ను ఎలా అంచనా వేయాలి?

మీరు అడిగినవి రెండు. ఆస్ట్రేలియా పౌరసత్వం వచ్చాక మొదటిసారి ఓటు వేయబోతూ, మీ ప్రాంతం నుంచి వచ్చిన సెనేటర్ గురించి వెతికారు. ఏడాది మొత్తంలో ఆయన సభలో మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. పల్లెల పేరు చెప్పుకొని కాన్‌బెర్రా వెళ్లిన మనిషి నోరే విప్పకపోతే ఓటు ఎందుకు వేయాలన్నది మీ మొదటి ప్రశ్న. కమిటీ విచారణలంటే టీ తాగి ఫోటోలు దిగే సమావేశాలేనా అన్నది రెండోది. పనిలో పనిగా, మీ ఊరి నుంచి సిడ్నీ వెళ్లే విమానాలు తరచూ రద్దవుతున్నాయని, దాని గురించి ఎవరిని అడగాలో తెలియడం లేదని కూడా రాశారు.

రెండోదానికి జవాబు దొరికితే మొదటిది దానంతటదే తేలిపోతుంది. విమానాల సంగతి చివర్లో చెబుతాను.

ముందు నా సంగతి. న్యూ సౌత్ వేల్స్ లోపలి ప్రాంతంలో ఒక ధాన్యం రైతుల సంఘంలో 14 ఏళ్లు పనిచేశాను. సెనేట్ కమిటీలకు సంఘం తరఫున వినతులు రాయడం, విచారణలకు వెళ్లే రైతులను వెంటబెట్టుకొని వెళ్లడం, తర్వాత హాన్సార్డ్ చదివి మా కార్యవర్గానికి సారాంశం చెప్పడం నా పని. హాన్సార్డ్ అంటే సభలోనూ కమిటీలలోనూ పలికిన మాటలన్నీ నమోదయ్యే అధికారిక గ్రంథం. రాత్రిళ్లు అది చదువుతూ కూర్చుంటే మా ఇంట్లో వాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. కొంత నిజమే.

మీరు చూసిన లెక్కలో ఒక తిరకాసు ఉంది. అది సభలో మాట్లాడినదాని లెక్క. కమిటీ గదిలో మాట్లాడినది అందులో చేరలేదు. మీ సెనేటర్ ఒక్క రోజు విచారణలో మూడు గంటలు అధికారులను నిలదీసి ఉన్నా ఆ లెక్కలో అది సున్నాయే. కాబట్టి ఆ సంఖ్య చూసి ఆయనను సోమరి అనలేం. అలాగని పనిమంతుడనీ అనలేం.

ఇంకొక సంగతి. గ్రామీణ సెనేటర్ అనే పదవి రాజ్యాంగంలో లేదు. సెనేట్‌లో 76 మంది ఉంటారు. ఆరు రాష్ట్రాలకు తలా 12 మంది, రెండు టెరిటరీలకు చెరి ఇద్దరు. ఒక్కొక్కరూ రాష్ట్రం మొత్తానికి ప్రతినిధే, నియోజకవర్గాలు ఉండవు. న్యూ సౌత్ వేల్స్ విస్తీర్ణం 8 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే 2.75 లక్షలు. అంటే రెండు తెలుగు రాష్ట్రాలను దాదాపు మూడు రెట్లు చేస్తే ఎంతో, అంత ప్రాంతానికి ఆ 12 మందీ ప్రతినిధులే. వారిలో ఒకరు ఇన్వెరెల్‌లోనో జూనీలోనో ఇల్లు, కార్యాలయం పెట్టుకొని, గొర్రెలు, గోధుమలు, నీటి వాటాల గురించి మాట్లాడితే మనం వారిని గ్రామీణ సెనేటర్ అంటున్నాం. అది జనం పెట్టిన పేరు, వారు చేసే పనిని బట్టి నిలబడాల్సిన పేరు.

ఇక సభ. సెనేట్‌లో కూర్చుని ఒక్క మధ్యాహ్నం చూడండి. మంత్రులను ప్రశ్నించే సమయం ముగియగానే సగానికి పైగా కుర్చీలు ఖాళీ. బిల్లు మీద చర్చలో ఒకరి తర్వాత ఒకరు లేచి తమ పార్టీ వైఖరే చదువుతారు. ప్రశ్నల సమయంలో అధికార పక్ష సభ్యులు తమ మంత్రినే అడిగే ప్రశ్నలు మరీ విడ్డూరం. వాటిని ఇక్కడ డోరతీ డిక్సర్లు అంటారు. పాఠకుల ఉత్తరాలకు సలహాలిచ్చే ఒక అమెరికన్ పత్రికా రచయిత్రి కలం పేరు అది. ఆ ఉత్తరాల్లో కొన్నింటిని ఆమే రాసుకునేదని అపవాదు. మంత్రి కార్యాలయం రాసిచ్చిన ప్రశ్నను సభ్యుడు చదువుతాడు, మంత్రి ఆశ్చర్యపోయినట్టు నటించి సిద్ధంగా ఉన్న జవాబు చదువుతాడు. గ్రామీణ సెనేటర్ నాలుగు డోరతీ డిక్సర్లు అడిగితే మీరు చూసిన లెక్కలో ఆయన పద్దు నాలుగు పెరుగుతుంది. పల్లెకు ఒరిగేది ఏమీ లేదు.

సముద్ర మార్గంలో బతికున్న గొర్రెల ఎగుమతిని ఆపే బిల్లు 2024 జూలై 1న సెనేట్‌లో నెగ్గింది. 2028 మే 1 నుంచి ఆ ఎగుమతి నిషిద్ధం. పశ్చిమ ఆస్ట్రేలియా రైతులకు అది జీవన్మరణ సమస్య, ఆ రాష్ట్ర సెనేటర్లలో కొందరు గట్టిగానే వాదించారు. ఎవరు ఎటు ఓటు వేస్తారో అందరికీ ముందే తెలుసు. ఆ ఉపన్యాసాలు ఒక్క ఓటును కూడా కదపలేదు. అవి వృథా అని నేననను. ఓడిపోతున్న వాళ్ల బాధ రికార్డులోకి ఎక్కడం కూడా ప్రజాస్వామ్యంలో ఒక పనే. కానీ మనిషిని తూచడానికి ఆ తక్కెడ పనికిరాదు.

నిజమైన తక్కెడ కమిటీ గదిలో ఉంటుంది. అందులోనూ ఎస్టిమేట్స్ అని పిలిచే పద్దుల విచారణలో. ఏడాదికి మూడు విడతలుగా, ఫిబ్రవరి ప్రాంతంలో ఒకసారి, బడ్జెట్ వచ్చాక మే, జూన్ నెలల్లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి జరుగుతుంది. పొద్దున తొమ్మిదికి మొదలై రాత్రి పదకొండు దాకా నడుస్తుంది. ఒక వైపు సెనేటర్లు, ఎదురుగా ఒక మంత్రి, ఆయన పక్కన శాఖ కార్యదర్శి, వెనక వరుసల్లో ఫైళ్లు పట్టుకున్న అధికారులు. ఖజానా నుంచి తీసుకున్న ప్రతి డాలరు గురించీ అడగవచ్చు. ఈ విధానం మంచిదా చెడ్డదా అని అధికారిని అడగకూడదు, అది మంత్రి చెప్పాల్సిన మాట. ఎప్పుడు, ఎంత, ఎవరు, ఎందుకు ఆలస్యమైంది అన్నవి మాత్రం ఎన్నిసార్లైనా అడగవచ్చు. అంతా ప్రత్యక్ష ప్రసారమవుతుంది.

ఇది మన ఢిల్లీ పద్ధతికి పూర్తిగా తలకిందులు. అక్కడ శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి పనిచేస్తున్నాయి, మంచి నివేదికలు కూడా ఇచ్చాయి. అయితే తలుపులు మూసి కూర్చుంటారు. అధికారి ఏం చెప్పాడో, మన రాజ్యసభ సభ్యుడు ఏం అడిగాడో ఓటరుకు తెలిసే దారి లేదు, సభ ముందుకు నివేదిక వచ్చాక దొరికినంతే దొరుకుతుంది. అందుకే తెలుగువాళ్లం సభలో ఎన్నిసార్లు లేచి మాట్లాడారన్న లెక్కకు అలవాటుపడ్డాం. చూడటానికి అదొక్కటే ఉంది మరి. ఇక్కడికి వచ్చాక కూడా ఆ కొలబద్దే పట్టుకుంటే పొరపాటవుతుంది.

ఎస్టిమేట్స్‌లో ఏం బయటపడుతుందో ఒక ముచ్చట చెబుతాను. పురుగుమందులకు, పశువుల మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థను కాన్‌బెర్రా నుంచి ఆర్మిడేల్ అనే లోపలి పట్టణానికి తరలించాలని 2016 నవంబరులో ప్రభుత్వం ఆదేశించింది. పల్లెలకు ఉద్యోగాలు తెచ్చామని ఎంతో గొప్పగా చెప్పుకున్నారు. 2017 ఫిబ్రవరి విచారణలో సెనేటర్లు గుచ్చి గుచ్చి అడిగితే సంస్థ అధిపతి ఒక సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆర్మిడేల్ వెళ్లిన సిబ్బందికి కూర్చోవడానికి కార్యాలయం లేక, ఇంటర్నెట్ కోసం ఊళ్లోని మెక్‌డొనాల్డ్స్‌లో కూర్చుని పనిచేశారట. మర్నాడు దేశమంతా నవ్వింది. తరలింపు మంచిదే అనుకునేవాళ్లలో నేనూ ఒకడిని, అయినా నవ్వాను. సభలో ఎంతమంది ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఈ ఒక్క సమాచారం బయటికి వచ్చేది కాదు. కూర్చోవడానికి వాళ్లకు చోటెక్కడ ఇచ్చారన్నంత మామూలు ప్రశ్న పడితేనే అది వస్తుంది.

జవాబు చేతిలో లేకపోతే అధికారి "రాతపూర్వకంగా ఇస్తాం" అంటాడు. దీన్ని ఇక్కడ ఆన్ నోటీస్ తీసుకోవడం అంటారు. సగం ప్రశ్నలు అక్కడికే వెళ్లి పడుకుంటాయి. గడువు తేదీ ఉంటుంది, అది దాటిపోవడం మామూలే. ఇంకొందరు ఇది వాణిజ్య రహస్యమని తప్పించుకోబోతారు. 2009 మే 13న సెనేట్ ఒక తీర్మానం చేసి ఆ దారి ఇరుకు చేసింది. సమాచారం బయటపెడితే ప్రజాప్రయోజనానికి ఏ హాని కలుగుతుందో మంత్రి స్పష్టంగా చెప్పాలి. ఊరికే రహస్యం అంటే చెల్లదు. ఈ తీర్మానం సంగతి తెలిసిన సెనేటర్ ఎదురుగా ఉన్నప్పుడు అధికారుల మాట తీరే మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఈ గదిలో ఎలా పనిచేయాలో తెలిసిన గ్రామీణ సెనేటర్ ఎవరని అడిగితే నేను ముందు చెప్పే పేరు జాన్ విలియమ్స్. జనం వాకా అని పిలిచేవారు. పల్లెల ఓట్ల మీద నిలిచే నేషనల్స్ పార్టీ, న్యూ సౌత్ వేల్స్, 2008 నుంచి 2019 దాకా. లారీ నడిపాడు, గొర్రెల బొచ్చు కత్తిరించాడు, వ్యవసాయం చేశాడు. 1980లలో ఆస్ట్రేలియా బ్యాంకులు రైతులకు స్విస్ ఫ్రాంకులలో అప్పులు అంటగట్టాయి. వడ్డీ తక్కువని ఆశపడి తీసుకున్నారు. 1983 డిసెంబరులో ఆస్ట్రేలియా డాలరును మార్కెట్‌కు వదిలేశారు, తర్వాతి రెండు మూడేళ్లలో దాని విలువ పడిపోయింది, డాలర్లలో లెక్కేస్తే అప్పు అసలు మొత్తమే కొండలా పెరిగిపోయింది. అలా పొలం పోగొట్టుకున్న కుటుంబాల్లో విలియమ్స్ కుటుంబం ఒకటి. బ్యాంకు కాగితం మీద చిన్న అక్షరాలు మనిషిని ఏం చేస్తాయో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన మొదట లిక్విడేటర్ల మీద పడ్డాడు. దివాలా తీసిన కంపెనీల ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచాల్సినవాళ్లు తమ ఫీజుల కిందే అంతా ఊడ్చేస్తున్నారని ఫిర్యాదులు. ఆయన పట్టుదలతో సెనేట్ ఆర్థిక కమిటీ విచారణ జరిపి 2010 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. దివాలా నిపుణులపై నియంత్రణ చట్టం మారింది మాత్రం 2016లో. ఆరేళ్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, ఈ రంగంలో కాలం ఇలాగే నడుస్తుంది.

తర్వాతది పెద్ద కథ. కామన్‌వెల్త్ బ్యాంకు ఆర్థిక సలహాదారుల విభాగంలో ఖాతాదారుల పొదుపు సొమ్మును ప్రమాదకరమైన పెట్టుబడుల్లోకి నెట్టారని, సంతకాలు కూడా ఫోర్జరీ చేశారని ఆ బ్యాంకు ఉద్యోగి జెఫ్ మోరిస్, మరికొందరు 2008 అక్టోబరులో నియంత్రణ సంస్థకు ఫ్యాక్సు పంపారు. ఏసిక్ అని పిలిచే ఆ సంస్థ, మన సెబీకి కొంత దగ్గర పోలిక, కదలడానికి దాదాపు 16 నెలలు పట్టింది. 2013లో పత్రికల్లో అడెల్ ఫెర్గూసన్ రాసిన కథనాలు వచ్చాక విలియమ్స్ పట్టుబట్టాడు. ఆ జూన్‌లోనే ఏసిక్ పనితీరుపై విచారణను సెనేట్ తన ఆర్థిక కమిటీకి అప్పగించింది.

ఇక్కడ కమిటీల నిర్మాణం తెలియాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ప్రతి రంగానికీ రెండు కమిటీలు ఉంటాయి. బిల్లులు, పద్దులు చూసేదానికి అధికార పక్ష సభ్యుడు అధ్యక్షుడు. ప్రత్యేక విచారణలు జరిపేదానికి ప్రభుత్వంలో లేని పార్టీ సభ్యుడు అధ్యక్షుడు, సంఖ్యాబలం కూడా ప్రభుత్వం బయటివాళ్లదే. ఏసిక్ విచారణ ఈ రెండో రకం. నివేదిక ఇచ్చేనాటికి అధ్యక్షుడు లేబర్ పార్టీకి చెందిన మార్క్ బిషప్. 2013 సెప్టెంబరులో ప్రభుత్వం మారి విలియమ్స్ అధికార పక్షంలోకి వచ్చాడు. మామూలుగా అయితే అక్కడితో ఆయన గొంతు తగ్గాలి, అధికార పక్షం వెనక బెంచీ మనిషి సొంత ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టడు కదా. ఆయన తగ్గించలేదు. 2014 జూన్‌లో వచ్చిన నివేదిక, ఆ బ్యాంకు వ్యవహారంపై రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వం నియమించే అత్యున్నత స్వతంత్ర విచారణ, స్థాయి విచారణ కావాలంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

అక్కడి నుంచి మూడున్నరేళ్లు ఆ మాట చావకుండా ఉండటానికి ఒక కారణం, విలియమ్స్ లాంటివాళ్లు దాన్ని వదలకపోవడం. చివరికి 2017 నవంబరులో ఆయన పార్టీకే చెందిన క్వీన్స్‌లాండ్ సెనేటర్ బ్యారీ ఓసలివన్ బ్యాంకులపై విచారణ కోసం సొంతంగా ఒక బిల్లు సిద్ధం చేశాడు. దిగువసభలో ఆ పార్టీవాళ్లు ఒకరిద్దరు గీత దాటి ఓటు వేస్తామన్నారు. ప్రభుత్వం ఓడిపోయే పరిస్థితి వచ్చింది. నవంబరు 30న నాలుగు పెద్ద బ్యాంకులే విచారణ జరపండని ఉత్తరం రాశాయి, ఆ రోజే ప్రధాని టర్న్‌బుల్ రాయల్ కమిషన్‌ను ప్రకటించారు.

హైకోర్టు మాజీ న్యాయమూర్తి కెన్నెత్ హేన్ ఆ కమిషన్ నడిపారు. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది. 2018లో ఒక విడత విచారణ వ్యవసాయ రుణాలకే కేటాయించారు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన తుది నివేదికలో 76 సిఫార్సులున్నాయి. నాలుగు నేరుగా రైతుల గురించే. అప్పు వివాదాల్లో మధ్యవర్తిత్వానికి దేశమంతటికీ ఒకే పద్ధతి ఉండాలి, న్యూ సౌత్ వేల్స్‌లో ఇది 1994 చట్టం నుంచే ఉంది. బ్యాంకులో పొలం విలువ కట్టేవాడు అప్పు మంజూరు చేసే పనితో సంబంధం లేనివాడై ఉండాలి. కరువు, ప్రకృతి విపత్తు ప్రకటించిన చోట వాయిదా తప్పిన రైతుపై జరిమానా వడ్డీ వేయకూడదు. ఇబ్బందుల్లో పడిన రుణాలను అనుభవం ఉన్న బ్యాంకు అధికారులే చూడాలి. ఈ నివేదిక వచ్చిన నాలుగైదు నెలలకు విలియమ్స్ పదవీకాలం ముగిసింది, మళ్లీ పోటీ చేయలేదు.

ఆయన సభలో కూడా మాట్లాడేవాడు, తక్కువేమీ కాదు. కానీ పైన చెప్పినదంతా అడిగినదాన్నే మళ్లీ మళ్లీ అడగడం వల్ల జరిగింది. నేను సెనేటర్లను చూసేది ఈ ఒక్క విషయంలోనే. ఫిబ్రవరిలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మేలో మళ్లీ అడిగారా? అక్టోబరులో మళ్లీ?

ప్రశ్నకు కూడా ఒక పనితనం ఉంటుంది. "రైతులు నష్టపోతున్నారని మీకు తెలియదా?" అనేది ప్రశ్న కాదు, వీడియో కోసం చేసే గర్జన. అధికారి వినయంగా "మాకు ఆ విషయం పట్ల అవగాహన ఉంది సెనేటర్" అంటాడు, అయిపోయింది. "ఫిర్యాదు ఏ తేదీన అందింది? దాన్ని ఎవరికి అప్పగించారు? ఆ అధికారి మొదటిసారి ఫోను చేసింది ఎప్పుడు? మధ్యలో ఆ ఫైలు ఎక్కడ ఉంది?" అని అడిగితే ప్రతిదానికీ ఒక తేదీనో పేరో చెప్పాల్సిందే, లేదా చెప్పలేమని ఒప్పుకోవాల్సిందే. మా ఊళ్లో పటేలు కరణం లెక్కలు తనిఖీ చేసినట్టు, నెమ్మదిగా, కోపం లేకుండా అడగాలి. అరిచేవాళ్లంటే అధికారులకు భయం లేదు. పాత కాగితం తెచ్చుకొని చదివేవాళ్లంటేనే భయం.

అందరూ ఒకే తీరుగా ఉండరు లెండి. జూనీ రైతు బిల్ హెఫర్నన్ 1996 నుంచి 2016 దాకా సెనేటర్, గ్రామీణ, ప్రాంతీయ వ్యవహారాలు, రవాణా కమిటీకి చాలాకాలం అధ్యక్షుడు. 2014 మేలో పార్లమెంటు భవనంలో తనిఖీలు సడలించారని కోపం వచ్చి, చూడటానికి పైపు బాంబులా ఉండే గొట్టాన్ని లోపలికి తెచ్చి, విచారణలో ఫెడరల్ పోలీసు కమిషనర్ ముందే బయటపెట్టాడు. ఏ అధికారీ ఆ ప్రశ్నను రాతపూర్వకంగా ఇస్తామనలేదు. ఈ పద్ధతిని నేను సిఫార్సు చేయను.

అన్ని విచారణలూ గెలవవని కూడా చెప్పాలి. 2015 ఫిబ్రవరిలో విక్టోరియాలోని బార్నవార్తా పశువుల సంతలో తొలి అమ్మకానికి తొమ్మిది మాంసం కంపెనీలు రాలేదు. రైతులు తెచ్చిన పశువులను కొనేవాళ్లు కరువయ్యారు. అంతా కూడబలుక్కున్నారని రైతుల అనుమానం. సెనేట్ కమిటీ దీని మీద చాలాకాలం విచారణ జరిపింది. పోటీ నియంత్రణ సంస్థ కూడా చూసింది, కుమ్మక్కయ్యారని నిరూపించేంత ఆధారం దొరకలేదంది. రైతులు అసంతృప్తితోనే మిగిలారు. ఇంకా, కమిటీ నివేదికకు మూడు నెలల్లో ప్రభుత్వం జవాబివ్వాలని సెనేట్ కోరుతుంది. ఏళ్లు గడిచాక "గమనించాం" అనే ఒక్క మాటతో తిరిగొచ్చిన నివేదికలు నా అల్మారాలో ఉన్నాయి. మేము నెలల తరబడి రాసిన వినతి గతీ అదే. ఏడుపొచ్చేది.

మీ సెనేటర్ విషయానికి వస్తే ఇలా చేయండి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో హాన్సార్డ్ వెతికే సదుపాయం ఉంది. ఆయన పేరు కొట్టి, సభ చర్చలు వదిలేసి, కమిటీలు, ఎస్టిమేట్స్ మాత్రమే ఎంచుకోండి. ఒకే విషయం మీద వరసగా మూడు నాలుగు విడతలు చూడండి. రాతపూర్వక ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు ప్రతి కమిటీ పేజీలో విడిగా ఉంటాయి, అవి కూడా. రెండు సాయంత్రాలు చాలు. ఆయన ప్రతిసారీ కొత్త వార్త పట్టుకొని ఊగిపోయి తర్వాత మరిచిపోయే రకమైతే అది కనిపించిపోతుంది. అధికార పక్షంలో ఉన్నప్పుడూ ప్రతిపక్షంలో ఉన్నప్పుడూ ప్రశ్నల పదును ఒకేలా ఉందా అన్నది కూడా చూడండి. చాలామంది పరీక్ష తప్పేది అక్కడే.

ఇక మీ విమానాలు. సిడ్నీ విమానాశ్రయంలో 1997 చట్టం ప్రకారం మామూలు సమయాల్లో గంటకు 80 రాకపోకలకు మించి అనుమతి లేదు. రద్దీ వేళల్లో కొన్ని సమయాలు రాష్ట్రంలోని లోపలి ఊళ్ల విమానాలకు ప్రత్యేకించి ఉంటాయి. కాబట్టి మీరు రాయాల్సింది "మా ఊరికి అన్యాయం జరుగుతోంది" అని కాదు. ప్రాంతీయ విమానాలకు కేటాయించిన సమయాల్లో గత ఏడాది ఎన్ని వాడారు, ఎన్ని వదిలేశారు, మీ మార్గంలో ఎన్ని రద్దయ్యాయి, రవాణా శాఖ ఆ లెక్క ఉంచుతోందా? ఈ నాలుగు ప్రశ్నలు ఒకే పేజీలో రాసి, మీ దగ్గర రద్దయిన టికెట్ల తేదీలుంటే జతచేసి, మీ సెనేటర్ కార్యాలయానికి ఎస్టిమేట్స్‌కు మూడు వారాల ముందు పంపండి. ఆయన రవాణా కమిటీలో సభ్యుడు కాకపోయినా వెళ్లి అడగవచ్చు. ఆయన పట్టించుకోకపోతే మీ రాష్ట్రానికి ఇంకా 11 మంది సెనేటర్లున్నారు, ప్రతిపక్షంవాళ్లకు ఇలాంటి కాగితం పండగే.

విమానాల మీద విచారణ ఏదైనా నడుస్తుంటే నేరుగా కమిటీకే వినతి పంపవచ్చు, పౌరసత్వం కూడా అక్కర్లేదు. కమిటీ స్వీకరించాక దానికి పార్లమెంటు రక్షణ ఉంటుంది, అందులో రాసినదాని మీద ఎవరూ మీపై దావా వేయలేరు. స్వీకరించక ముందు మాత్రం బయట ఎక్కడా పెట్టకండి, ఆ రక్షణ అప్పుడు ఉండదు. పేరు గోప్యంగా ఉంచమని కూడా అడగవచ్చు.

నేను రాసిన ఒక ప్రశ్నకు జరిగింది చెప్పి ఆపుతాను. రైలు మార్గంలో ఒక ముక్కపై ధాన్యం బండ్ల వేగం తగ్గించారు, ఎప్పుడు సరిచేస్తారో ఎవరూ చెప్పడం లేదు. ఒక సెనేటర్ మా ప్రశ్న అడిగారు. అధికారి రాతపూర్వకంగా ఇస్తామన్నాడు. నెలల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది, అందులో తేదీ లేదు. తర్వాతి విడతలో ఆ సెనేటర్ ఆ రెండు వాక్యాలనే పైకి చదివి, "ఇందులో తేదీ ఎక్కడుంది?" అని అడిగి ఊరుకున్నారు. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక వరుసలో ఉన్న ఒక ఇంజినీరు ముందుకొచ్చి ఒక నెల పేరు చెప్పాడు. పని ఆ నెలలో కాలేదు, ఇంకో నాలుగు నెలలు పట్టింది.